నాయనమ్మ బైబిలు, దాన్ని బాగుచేసిన చేతులు

మా నాయనమ్మ 93 ఏళ్లు నిండుగా బతికి, కిందటి సంవత్సరం ప్రభువునందు నిద్రించింది. ఆమె వదిలి వెళ్లిన వస్తువుల్లో ఇంట్లో అందరూ కావాలనుకున్నదీ, చేతిలోకి తీసుకోవడానికి అందరూ జంకినదీ ఒక్కటే. అది 1956లో, ఆమెకు 24 ఏళ్లప్పుడు చేతికి వచ్చి, చివరి రోజు వరకు తలగడ పక్కనే ఉన్న బైబిలు. జంకడానికి కారణం భక్తి ఒక్కటే కాదు. తెరిస్తే చాలు, పేజీలు రాలిపోతున్నాయి. వెన్ను మూడు ముక్కలైంది. కీర్తనల గ్రంథం దాదాపు మొత్తం విడి కాగితాలుగా మారింది. సెల్లోటేపు అతికించిన చోటల్లా తేనెరంగు మరక కట్టింది. ఆ స్థితిలో దాన్ని పాత పుస్తకాలను చేత్తో బాగుచేసే ఒక పెద్దాయనకు అప్పగించి, నాలుగు నెలల తరవాత తిరిగి తెచ్చుకున్నాను. ఇలాంటి పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఆయన పనితనం గురించి వివరంగా రాస్తున్నాను. చేతిలో ఉన్న పనే రెండేళ్లకు సరిపోతుందని, తన పేరు రాయవద్దని ఆయన కోరారు కాబట్టి రాయడం లేదు.

ఆ పుస్తకం ఎలాంటిదో ముందు చెప్పకపోతే ఆయన చేసిన పని విలువ అర్థం కాదు. బైబిలులో 66 గ్రంథాలు, 1189 అధ్యాయాలు ఉన్నాయి. నాయనమ్మ మామూలు రోజుల్లో మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు అధ్యాయాలు చదివేది. అంటే వారానికి 23, ఏడాదికి 1196. లెక్కకు ఏడు అధ్యాయాలు ఎక్కువ వస్తాయి కదా అని చిన్నప్పుడు అడిగితే, "ఆ ఏడూ జ్వరాలకూ కాన్పులకూ పోతాయి నాన్నా" అని చెప్పింది. చదవడం పూర్తయిన ప్రతిసారీ ప్రకటన గ్రంథం తరవాత ఉన్న తెల్ల పేజీలో ఒక నిలువు గీత గీసి, నాలుగు గీతలైన తరవాత అయిదోదాన్ని అడ్డంగా కొట్టేది. ఇప్పుడు ఆ పేజీలో 63 గీతలున్నాయి. మొదటి 58 ఆమెవి. చూపు మందగించిన తరవాత మేము చదివి వినిపించేవాళ్లం, ఆమె చెప్పినప్పుడు మాలో ఒకరు గీత గీసేవాళ్లం. అందుకే చివరి అయిదు గీతల్లో ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటుంది; మా అన్నయ్య గీత పొడుగ్గా, నాది వాలుగా, మా చెల్లిది పేజీ చిరిగేంత గట్టిగా.

అంచుల్లో రాసుకున్నవి వేరే లెక్క. ఏ వచనం పట్టుకుని ఎవరికోసం ప్రార్థన చేస్తోందో ఆ వచనం పక్కన ఒక చిన్న సిలువ గుర్తు, ఆ మనిషి పేరులో మొదటి అక్షరం, తేదీ. జవాబు దొరికిన రోజు ఆ సిలువ చుట్టూ సున్నా. మా నాన్న జబ్బు, అత్త పెళ్లి, చెల్లి పరీక్ష, మేమెవ్వరం ఎరగని మనుషుల కష్టాలు, అన్నీ అక్కడే ఉన్నాయి. సున్నా లేని సిలువలు కూడా చాలా ఉన్నాయి. ఆమె తమ్ముడి ఆరోగ్యం కోసం పెట్టిన సిలువ అలాంటిదే. ఆయన కోలుకోలేదు. "వద్దనడం కూడా జవాబే కదా నాయనమ్మా, సున్నా చుట్టేయొచ్చు కదా" అని ఒకసారి అన్నాను. "వద్దన్నాడని ఆయన నాకింకా చెప్పలేదు" అంది. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసిందని కూడా చెప్పను. కానీ ఆ పేజీ తీసినప్పుడల్లా ఆమె గొంతుతోనే వినిపిస్తుంది.

కీర్తనల దగ్గరే పుస్తకం ఎందుకు విరిగిందో చెప్పడం తేలిక. బైబిలును సగానికి తెరిస్తే సుమారుగా అక్కడికే వస్తాం. పైగా మనవళ్లూ మనవరాళ్లూ కలిపి పదకొండు మందికీ ఆమె 119వ కీర్తన కంఠతా నేర్పింది. 176 వచనాలున్న ఆ కీర్తన హీబ్రూ అక్షరమాలను బట్టి ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది. రోజుకొక భాగం, 22 రోజులు, తప్పితే మళ్లీ మొదటినుంచి. పదకొండు మంది పిల్లల వేళ్లు ఆ పేజీల మీద పాకాయి. కింది మూలలు మెత్తబడి గుడ్డలా అయ్యాయి.

ఇక ఈ పుస్తకానికి ఇంతకు ముందు జరిగిన బైండింగ్ గురించి కూడా చెప్పాలి. 1986లో అట్ట ఊడిపోతే నాన్నే ఎక్కడో ఇచ్చి కుట్టించారు. అక్కడివాళ్లు మామూలుగా అందరికీ చేసినట్టే చేశారు. ఫారాలను, అంటే మధ్యకు మడిచిన కాగితాల కట్టలను, విప్పి లోపలి మడతలో కుట్టకుండా, వెన్ను పక్కన పైనుంచి కిందికి సూది దించి మొత్తాన్ని కలిపి బిగించేశారు. అంచులు సమంగా రావాలని మూడు వైపులా మిషన్‌తో కోసేశారు. పుస్తకం చూడడానికి కొత్తదానిలా వచ్చింది. నాయనమ్మ దాన్ని అందుకుని, అట్ట వైపు చూడనైనా చూడకుండా, పేజీల అంచు మీద బొటనవేలు మెల్లగా పోనిచ్చింది. 30 ఏళ్ల రాతల్లో బయటి అంచున ఉన్న తేదీలు సగానికి తెగిపోయాయి. నాన్న ముఖం చూసి, "రాసుకున్నది నా గుర్తుకోసం. ఆయన మరచిపోడులే" అని మాత్రం అంది. తరవాత కొన్ని నెలలపాటు రోజూ కాసేపు కూర్చుని, తెగిన తేదీల్లో గుర్తున్నవాటిని మిగిలిన సన్నటి జాగాలో చీమతలకాయంత అక్షరాలతో మళ్లీ రాసింది. ఆ రాతలు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే ఈసారి ఎవరికి ఇవ్వాలన్నా చేతులు రాలేదు. ఈ పెద్దాయన దగ్గరికి వెళ్లినప్పుడు నా మొదటి ప్రశ్న అంచులు కోస్తారా అనే. ఆయన జవాబు చెప్పకుండా పుస్తకం తీసుకుని, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, అరగంట సేపు పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. తరవాత, "ఇందులో అచ్చయినది ఎక్కడైనా దొరుకుతుందమ్మా, రాసింది దొరకదు. కోయడం సంగతి అలా ఉంచండి, రబ్బరు కూడా తగలనివ్వను" అన్నారు. ఆ మాటకే పుస్తకం అక్కడ వదిలి వచ్చాను.

పని మొదలుపెట్టే ముందు ఆయన ప్రతి పేజీని ఫోటో తీయించారు, లెక్కపెట్టారు, ఎక్కడెక్కడ ఏమి లేదో రాసి నా చేత సంతకం పెట్టించుకున్నారు. పేజీల మధ్య దొరికిన ప్రతి వస్తువునూ ఏ పేజీలో దొరికిందో రాసి విడివిడిగా చిన్న కవర్లలో పెట్టారు. ఒక ఎండిన ఆకు, చెల్లి హాల్ టికెట్టు, ఒక మందుల చీటీ, పత్రికలోంచి కత్తిరించిన ఒక మరణవార్త. ఆ పత్రిక ముక్క ఉన్న చోట రెండు పేజీల మీదా దాని ఆకారంలోనే గోధుమరంగు నీడ పడింది. చవకరకం కాగితంలో పుట్టే ఆమ్లం పక్క పేజీలోకి పాకి అలా చేస్తుందట. మనం పవిత్రంగా దాచుకోవాలని బైబిలులో పెట్టే కాగితాలే దానికి హాని చేస్తాయన్న సంగతి నాకు ఇదివరకు తెలియదు. చాలా ఇళ్లలో బైబిలు అంటే శుభలేఖలు, రసీదులు, ఫోటోలు దాచే పెట్టె కూడా కాబట్టి ఇది అందరూ గమనించాలి.

సిరాల పరీక్ష నాకు బాగా నచ్చింది. తడి దూదిని ఒక చుక్కంత చోట ఆనించి చూశారు. పెన్సిలు గీత కదలలేదు, బాల్ పెన్ను కదలలేదు, 60ల నాటి నీలి సిరా మాత్రం దూదికి అంటుకుంది. పాత కాగితాన్ని నీటిలో కడిగితే పసుపుదనం, ఆమ్లం కొంత పోయి కాగితానికి బలం వస్తుందని, ఇక్కడ కడిగితే నాయనమ్మ తొలి పదేళ్ల ప్రార్థనలు కూడా కొట్టుకుపోతాయని, కాబట్టి కడగబోనని చెప్పారు. పుస్తకం తెల్లబడడం కన్నా రాత నిలవడం ముఖ్యమని నన్ను అడగకుండానే ఆయన గ్రహించారు. ఆయన పని మీద నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.

తరవాతి పనంతా ఓపికది. బైబిలు కాగితం మామూలు పుస్తకాల కాగితంలో సగం బరువు కూడా ఉండదు. అంత పల్చటి కాగితానికి 1986 నాటి పక్క కుట్టు ఉరితాడులా పనిచేసింది. అలా కుట్టిన పుస్తకం బల్ల మీద పూర్తిగా విచ్చుకోదు, చదివేవాళ్లు అరచేత్తో అదుముతారు, అదిమిన ప్రతిసారీ కుట్టు వెంబడి కాగితం కొంచెం కొంచెం చిరుగుతుంది. ఆయన ఆ దారాన్ని ఒక్కొక్క చోట కత్తిరించి, పాత జిగురును కాస్త తేమ తగిలించి మెత్తబరిచి, ఎముకతో చేసిన సన్నటి బద్దతో గీకి తీశారు. సెల్లోటేపులను వేడిచేసిన పల్చటి బ్లేడుతో లేపారు. టేపు వస్తుందని, మరక పోదని ముందే చెప్పారు. మడత దగ్గర చిరిగిన జంట కాగితాలను జపాన్ కాగితపు సన్నటి పేలికలతో మళ్లీ కలిపారు. ఆ కాగితాన్ని కోజో అనే మల్బరీ జాతి చెట్టు బెరడు నారతో చేస్తారు. చూస్తే ఉల్లిపొర, లాగితే గుడ్డ. అతికించడానికి వాడింది గోధుమ గంజి. ఎందుకంటే రేపు ఇంకెవరైనా ఇంతకన్నా మంచి పద్ధతిలో బాగుచేయాలనుకుంటే, కాస్త తడి తగిలిస్తే అది ఊడివస్తుంది. తన పనిని మరొకరు విప్పగలిగేలా చేయడమే ఈ విద్యలో మొదటి నియమమని ఆయన చెప్పారు. ఆ తరవాత ఫారాలను మళ్లీ పేర్చి, లోపలి మడతలోంచి నార దారంతో చేత్తో కుట్టారు.

మూడో నెలలో ఒక రోజు ఆయనే ఫోన్ చేసి, వీలైతే ఒకసారి రమ్మన్నారు. ఏదో పాడైందనుకుని భయపడుతూ వెళ్లాను. బల్ల మీద కీర్తనల ఫారం ఒకటి విప్పి పెట్టి ఉంది, పక్కన భూతద్దం. పక్క కుట్టు బిగించిన చోట, వెన్ను వైపు లోపలి అంచు దాదాపు వేలెడు మేర 40 ఏళ్లుగా మూసుకుపోయి ఉంది. దారం తీసి కాగితాన్ని చదును చేస్తే అది తెరుచుకుంది. 141వ కీర్తన మూడో వచనం పక్కన, అంటే తన నోటికి కావలి ఉంచమని దావీదు వేడుకునే చోట, ఆ లోపలి అంచులో నాయనమ్మ అక్షరాలు ఉన్నాయి. "నా నోరు. అత్తమ్మ దగ్గర." దాని కింద ఏడాదికొకటి చొప్పున 1957 నుంచి 1979 దాకా 23 సిలువలు. ఆ కింద కొంచెం జాగా. తరవాత వేరే పెన్నుతో, "కోడలి దగ్గర." 1981 నుంచి 1985 దాకా అయిదు సిలువలు. 28 సిలువల్లో ఒక్కదాని చుట్టూ కూడా సున్నా లేదు.

నాయనమ్మ నోట పరుషమైన మాట మేమెవ్వరం విని ఎరగం. అది ఆమె పుట్టుగుణమని, కొందరిని దేవుడు అలా మెత్తగా పుట్టిస్తాడని అనుకునేవాళ్లం. ఆమె అత్తగారు, అంటే మా తాతయ్య తల్లి, మాట కరుకు మనిషని విన్నాను. ఆవిడ 1979లో పోయింది. మా అమ్మ కోడలిగా వచ్చింది 1981లో. ఆ పేజీ ఫోటో తీసుకుని వచ్చి అమ్మకు చూపించాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నన్ను ఒక్క మాట అనలేదే" అని, మళ్లీ ఫోటో ఇవ్వమని అడిగి తీసుకుని, అద్దాలు పెట్టుకుని ఆ అయిదు సిలువలనూ వేలితో ఒక్కొక్కటే తాకింది. 1986 తరవాత ఆ జాగా కుట్టులోకి వెళ్లిపోయింది కదా, అప్పటినుంచి ఆ ప్రార్థన ఎక్కడ రాసుకుందో అని నేను, అన్నయ్య పుస్తకమంతా వెతికాం. దొరకలేదు.

నాయనమ్మ సమాధి కార్యక్రమంలో పాస్టరు గారు తిమోతి అవ్వ లోయి గురించి మాట్లాడారు. తిమోతికి పౌలు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో, నీలో ఉన్న విశ్వాసం మొదట నీ అవ్వలో, తరవాత నీ తల్లి యునీకేలో ఉన్నదని ఒక్క వాక్యంలో ఆమె ప్రస్తావన వస్తుంది. కొత్త నిబంధన మొత్తంలో అవ్వ అన్న మాట కనిపించేది ఆ ఒక్క చోటే. లోయి ఏమి మాట్లాడిందో, ఎవరితో ఎలా ఓర్చుకుందో, తిమోతికి పసితనం నుంచి లేఖనాలు ఎలా నేర్పిందో ఎక్కడా లేదు. ఆ రోజు ఆ ప్రసంగం విన్నప్పుడు మామూలు మాటల్లాగే అనిపించాయి. పెద్దాయన బల్ల దగ్గర నిలబడినప్పుడు, లోయికి కూడా ఎవరూ చూడని ఒక లోపలి అంచు ఉండే ఉంటుందని అనిపించింది.

ఇక లోపాలు. ఆరు వారాల్లో ఇస్తానన్న పుస్తకం నాలుగు నెలలకు చేతికొచ్చింది, మధ్యలో రెండు వారాల పాటు ఫోన్ ఎత్తలేదు. పోయినవారి వస్తువు ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు ఆ రెండు వారాలు ఎలా గడుస్తాయో ఆయన ఆలోచించి ఉండాల్సింది. రూతు గ్రంథంలో రెండు పేజీల మీద అతికించిన జపాన్ కాగితం కాస్త మందంగా ఉండి అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి. చూపించగానే ఆయన ఒప్పుకుని మళ్లీ చేస్తానన్నారు. ఆ కాగితాన్ని మరోసారి కదిలించడం ఇష్టం లేక నేనే వద్దన్నాను. మడతలన్నిటికీ పేలికలు పడడం వల్ల వెన్ను లావెక్కింది, నాయనమ్మ కుట్టుకున్న గుడ్డసంచిలో ఇప్పుడు బైబిలు పట్టదు. ఇది పనిలో తప్పు కాదని తెలుసు, అయినా ఆ సంచి ఖాళీగా చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. నల్ల తోలు అట్ట కావాలని అడిగితే, నాసిరకం తోలు కొన్నేళ్లకు ఎర్రగా పొడి రాలుతుందని చెప్పి ముదురు రంగు గుడ్డ అట్టే వేశారు. బంగారు అక్షరాలు లేవు. మొదట వెలితిగా అనిపించింది, ఇప్పుడు అలవాటైంది. ఖర్చు మాత్రం కొత్త బైబిలు వెలకు ఎన్నో రెట్లు.

కాబట్టి ఈ పని అందరికీ అవసరమని చెప్పను. రోజూ చదువుకోవడానికి గట్టి పుస్తకం కావాలంటే పెద్ద అక్షరాల బైబిలు కొత్తది కొనుక్కోవడమే మేలు. పెద్దవాళ్ల చేతిరాత ఉన్న పుస్తకమైతే మాత్రం దగ్గర్లో ఉన్న బైండింగ్ షాపులో ఇచ్చేసి రాకండి. ఇచ్చే ముందు ప్రతి పేజీని లోపలి అంచుతో సహా ఫోటో తీసుకోండి. అంచులు కోస్తారా, కుట్టు ఎక్కడ పడుతుంది, వాడే జిగురు తరవాత ఊడదీయడానికి వీలైనదేనా అని అడగండి. పేజీలకు లామినేషన్ చేయిస్తానని ఎవరైనా అంటే పుస్తకం వెనక్కి తీసుకుని వచ్చేయండి. వేడికి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్‌ను పాత కాగితం నుంచి క్షేమంగా తీయడం దాదాపు అసాధ్యం. సెల్లోటేపు అసలే వద్దు. మా ఇంట్లో దాన్ని అతికించింది నేనే, పదమూడేళ్ల వయసులో, నాయనమ్మకు సాయం చేస్తున్నాననుకుని.

పుస్తకం ఇచ్చినప్పుడు ఎండిన ఆకును ఆమ్లం లేని పల్చటి కాగితంలో చుట్టి దాని పేజీలోనే పెట్టారు, మిగిలినవి కవర్లలో ఇచ్చారు. గుర్తు రిబ్బను మాత్రం నేను ఇచ్చినప్పుడు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే ఉంచారు. అది యెహెజ్కేలు 16వ అధ్యాయం. నాయనమ్మకు చివరిసారి చదివి వినిపించింది అక్కడిదాకానే. నాన్న తన బైబిలులో 17వ అధ్యాయం నుంచి మొదలుపెట్టారు, మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు. నిన్నటికి హోషేయ అయింది. ప్రకటన గ్రంథం పూర్తయిన రోజు నాయనమ్మ పేజీలో 64వ గీత గీయవచ్చా అని పెద్దాయనను అడిగితే, బాల్ పెన్ను వద్దని, మెత్తటి పెన్సిలుతో, కింద గట్టి అట్టముక్క పెట్టి, చెయ్యి నొక్కకుండా గీయమని చెప్పారు.